తాబేలు కథ విని అమ్మ అడిగిన మాట

నాకు జపాను భాష వచ్చిందంటే ఒకే ఒక్క కథ పుణ్యం. చేపలు పట్టే పిల్లగాడొకడు, తాబేలొకటి, తెరవొద్దని చెప్పి ఇచ్చిన పెట్టె ఒకటి. ఆ దేశంలో ఇంకా బడికి పోని పిల్లలకు కూడా తెలిసిన కథ అది. నాకు మాత్రం నర్సింగు చదివి, వనపర్తిలో ఒక ప్రైవేటు దవాఖానలో సూదులు పొడవడంలో చేయి తిరిగాక తెలిసింది. చాలామంది ఆ కథ విని అయ్యో పాపం అంటారు. నాకు ఇప్పటికీ దాని మీద కోపమే.

జపానుకు ఉద్యోగాలకు పోదామనుకున్న మాలాంటివాళ్లకు భాష నేర్పే క్లాసులు ఎరువుల దుకాణం మీది అంతస్తులో జరిగేవి. డ్యూటీ దిగి పరుగున మెట్లెక్కితే ముందు యూరియా వాసన, దాని వెనకాల పాఠం. మాకు చెప్పే ఆయనది ఉప్పునుంతల దిక్కు. జపానులో ముసలివాళ్లను చూసుకునే ఆశ్రమంలో చాలా ఏళ్లు పనిచేసి తిరిగొచ్చాడు. సెన్సే అంటేనే సారు అని అర్థం. అయినా మేం ‘సెన్సే సార్’ అనే పిలిచేవాళ్లం. ఒట్టి సెన్సే అంటే ఏదో మర్యాద తక్కువైనట్టు ఉండేది. మొదట్లో ఆయన సరిదిద్దాడు, తర్వాత ఊరుకున్నాడు.

ఆయన పద్ధతే వేరు. పాఠ్యపుస్తకం బీరువాలో పెట్టేసి ఈ కథ జిరాక్సు కాగితాలు పంచాడు. జపానులో ఆయన అన్నం తినిపించి దుప్పటి కప్పిన ఒక ముసలమ్మ, ఆయనకు ఈ కథతోనే భాష నేర్పిందట.

“ఒక్క కథ పూరా నోటికొస్తే బాస నోటికొస్తది. వంద కథలు సగం సగం వస్తే ఏం రాదు” అన్నాడు.

రోజుకు ఒక వాక్యం. చదవాలి, రాయాలి, కళ్లు మూసుకుని చెప్పాలి, మర్నాడు మళ్లీ మొదటి నుంచి చెప్పుకుంటూ రావాలి. ‘ముకాషి ముకాషి’ అని మొదలవుతుంది, మన అనగనగా లాగా. ఆ మాట ఎంతగా నోటికి అంటుకుపోయిందంటే, దవాఖానలో పేషెంటు చేయి పట్టుకుని నరం వెతికేటప్పుడు కూడా పెదాల మీద అదే ఆడేది. ఒకాయన మంత్రం వేస్తున్నావా బిడ్డా అని అడిగాడు.

జిరాక్సు మీద జిరాక్సు తీసిన బొమ్మలు నల్లగా అలికినట్టు ఉండేవి. తాబేలు మాడిన జొన్నరొట్టెలా కనపడేది. ఇక సముద్రమంటారా, మా క్లాసులో ఎవరూ చూసిన పాపాన పోలేదు. గద్వాల నుంచి వచ్చి హాస్టల్లో ఉండే పిల్ల, “జూరాల గేట్లు ఎత్తినప్పుడు ఉన్నట్టు ఉంటదా సార్?” అని అడిగింది. ఆయన, “ఉంటది గని, దానికి అవతలి గడ్డ కనపడదు” అన్నాడు.

భాష అనుకున్నంత పరాయిది కాదు. ఎవరు, ఎక్కడ, దేనితో అన్నీ చెప్పి, ఏం చేశాడో చివరన చెప్తారు, మనలాగే. ఇంట్లోంచి బయటికి పోయేటప్పుడు వాళ్లనే మాట నేర్చుకున్న రోజు నాకు నవ్వొచ్చింది. అచ్చం మన ‘పోయొస్త’. పోత అనరు, పోయి వస్త అంటారు. ఇంట్లో ఉన్నవాళ్లు దానికి ‘పోయిరా’ అని జవాబు చెప్పాలి. చెప్పకపోతే అక్కడా బాగుండదట, ఇక్కడా బాగుండదు. రాత దగ్గరికి వచ్చేసరికి మాత్రం ప్రాణం పోయింది. ఒక్క నోటికి మూడు రాతలెందుకో నాకు ఈ రోజుకూ అర్థం కాదు.

కథ సగం దాకా నాకూ దానికీ ఏ పేచీ లేదు. ఒడ్డున పిల్లలు తాబేలును కట్టెలతో కొడుతుంటే ఈ చేపలు పట్టేవాడు విడిపిస్తాడు. తాబేలు వాణ్ణి వీపు మీద ఎక్కించుకుని సముద్రం అడుగున ఉన్న మేడకు తీసుకుపోతుంది. అక్కడ రాజు బిడ్డ, పాటలు, విందులు. ఎన్నాళ్లున్నాడో వాడికే తెలియదు. ఒకనాడు తల్లి యాదికొచ్చి ఇంటికి పోతానంటాడు. ఆమె ఒక పెట్టె చేతికిచ్చి, ఏం జరిగినా తెరవొద్దని చెప్తుంది. వాడు ఒడ్డుకు వస్తే ఊరు ఉంది గానీ ఒక్క మొహమూ తెలిసింది కాదు. ఎదురైన ముసలాయన్ని పట్టుకుని తన ఇల్లెక్కడని తన పేరే చెప్పి అడుగుతాడు. ఆ పేరుగల మనిషి ఎప్పుడో వెనకటికి సముద్రంలోకి పోయి మళ్లీ రాలేదని అంటాడు ముసలాయన.

ఆ వాక్యం నా వంతుకు వచ్చిన రోజు నేను చదవలేకపోయాను. గొంతు పట్టేసిందని అబద్ధం చెప్పి కూర్చున్నాను. అట్లాంటి మనిషి అప్పటికి మా ఇంటి అరుగు మీద కూర్చుని ఉన్నాడు.

మాది పెద్దమందడి పక్క ఊరు. వానలు ఎత్తిపోయిన ఏడు మేస్త్రీ వచ్చి గుంపును కట్టుకుని పోతాడు, బొంబాయికో పూణెకో ఇంకా పైకో, కాలువలు తవ్వడానికి, రోడ్లు పోయడానికి. ఎక్కడున్నవాళ్లు అక్కడినుంచి పీర్ల పండగకు దిగుతారు. మా ఊరి పిల్లలకు నాయిన అంటే పీర్ల పండగకు వచ్చే మనిషే. నేను రెండో తరగతిలో ఉన్న ఏడు మా నాయిన రాలేదు. మేస్త్రీతో మాటా మాటా అనుకుని, చేతిలో పార అక్కడే పడేసి రైలెక్కాడని గుంపులోవాళ్లు చెప్పారు. ఏ రైలో, ఏ దిక్కో ఎవరూ చూడలేదు.

మరుసటి పండగకూ రాలేదు. ఆ తర్వాతా రాలేదు. అమ్మ కూలికి పోయేది, కలుపు తీసేది, పత్తి ఏరేది, నన్ను చదివించేది. బస్సు వచ్చే వేళకు మాత్రం వాకిట్లోనే ఏదో ఒక పని పెట్టుకునేది. బస్సు వెళ్లిపోయిన తర్వాత ఆ పని సగంలో వదిలి లోపలికి వచ్చేది. ఏళ్లు అట్లాగే గడిచాయి.

నేను పదో తరగతికి వచ్చేసరికి మా పెద్దనాయిన, అంటే నాయినకు అన్న, తన బిడ్డ పెండ్లి కుదుర్చుకున్నాడు. చచ్చాడో బతికాడో తేలని మనిషి ఉన్న వంశంలో పందిరి వేయొద్దని పెద్దలన్నారు. అదే సమయానికి ఎవరో ఎక్కడో స్టేషన్లో నాయినలాంటి శవాన్ని చూశామన్నారు. ఎద్దు ఈనిందంటే దూడను కట్టేయమన్నట్టు, అందరూ సరే అన్నారు. శవం లేదు కాబట్టి గడ్డితో మనిషిని చేశారు. నాయిన అంగీ ఒకటి ఇమ్మన్నారు. అమ్మ పెట్టెలోంచి తీసి చూసి, దానికి ఒక గుండీ లేకపోతే, బయట మనుషులు నిలబడి ఉండగానే కూర్చుని గుండీ కుట్టి ఇచ్చింది. ఆ అంగీ తొడిగి గడ్డిబొమ్మను మోసుకుపోయి పూడ్చారు. దినాల నాడు అమ్మ గాజులు పగలగొట్టారు, మట్టెలు తీశారు, పుస్తెలు తెంపారు. అమ్మ ఏడ్చిన ఏడుపు ఊరి చివర దాకా వినపడింది. పెండ్లి మాత్రం బాగా జరిగింది.

నేను నర్సింగు చివరి ఏడులో ఉండగా, పీర్ల పండగకు ముందు, నాయిన బస్సు దిగాడు.

కథలో ఊరు వాణ్ణి గుర్తుపట్టలేదు. మా ఊరు వెంటనే గుర్తుపట్టింది. గుర్తుపట్టి ఊరి బయటే ఆపేసింది. దినాలు చేసిన మనిషి నేరుగా వచ్చి గడప దాటితే ఇంటికి కీడట. బడి వరండాలో కూర్చోబెట్టి విస్తరాకులో అన్నం పంపారు. కబురు అందుకుని నేను వనపర్తి నుంచి వచ్చేసరికి ఆ వరండాలో, పిల్లలకు అక్షరాలు రాసిన గోడకు ఆనుకుని, ఒక సన్నటి ముసలాయన కూర్చున్నాడు. నేను నాయినా అని పిలవలేదు. ఎవరనుకున్నాడో, నన్ను చూసి లేచి నిలబడ్డాడు.

పెద్దలు చాలాసేపు గొడవపడి ఒకటి తేల్చారు. చచ్చినవాడు వచ్చాడంటే మళ్లీ పుట్టినట్టే, కాబట్టి పురుడు చేయాలి. గుండు కొట్టించారు. తలకు పోసి కొత్త పంచె కట్టించారు. పుట్టిన పిల్లను చాటలో పడుకోబెడతాం కదా, మనిషి పట్టడు కాబట్టి రెండు కాళ్లు చాటలో పెట్టించారు. బరువుకు చాట ఒక పక్క చీలింది. ఒక ముసలమ్మ దగ్గరికి వచ్చి చెవిలో కొత్త పేరు చెప్పింది. వెనకాల ఎవరో నవ్వారు. నాయిన నవ్వలేదు. ఆ చాటలో నిలబడి, వచ్చిన వాళ్లందరి మొహాలూ ఒక్కొక్కటే చూశాడు. అమ్మ అక్కడికి రాలేదు.

అదే పూట పుస్తెలు కూడా మళ్లీ కట్టిస్తే పని అయిపోతుందని పెద్దనాయిన ఇంటికి వచ్చాడు. అమ్మ పొయ్యి ముందు నుంచి లేవలేదు. వెనక్కి కూడా తిరగలేదు.

“ఇయ్యాల్నే పుట్టిండంటిరి గద బావా. ఇయ్యాల పుట్టినోనికి ఇయ్యాల్నే పెండ్లి చేస్తరా?” అంది.

పెద్దనాయిన గడపలోంచే వెనక్కి వెళ్లిపోయాడు. నాకు నవ్వు, ఏడుపు రెండూ కలిసి వచ్చాయి. అమ్మ నోటి దగ్గర ఊరు మొత్తం ఓడిపోయింది, ఏం లాభం. తెంపిన పుస్తెలను పసుపు గుడ్డలో కట్టి బియ్యం డబ్బా అడుగున పెట్టుకుంది, అది నాకు తెలుసు. తీయలేదు.

ఆ రోజు నుంచి నాయినకు అరుగు, అమ్మకు వంటగది. ఎక్కడున్నవు నాయినా ఇన్నేండ్లు అని నేను అడిగితే, “అక్కడిక్కడ” అనేవాడు. అంతకు మించి ఒక్క ముక్క రాలేదు. కోపమొస్తే కన్నడం వచ్చేది, దాన్నిబట్టి కొన్నాళ్లు అటువైపు ఉన్నాడనుకున్నాను. కథలోవాడు కనీసం పెట్టె తెచ్చాడు. మా నాయిన ఉత్త చేతులు ఊపుకుంటూ వచ్చాడు, తెరిచి చూద్దామన్నా ఏమీ లేదు.

ఒకసారి అమ్మతో పోట్లాడాను. తప్పు చేశాడు, వచ్చాడు, తిట్టు, కొట్టు, ఏదో ఒకటి మాట్లాడు అన్నాను.

“దినాల నాడు ఏడ్చుడంత ఏడ్చిన బిడ్డా. కోపం గిట్ల అంత ఆన్నే పోయింది. ఇప్పుడు మొగడొచ్చిండు సంతోషపడు అంటే, నా తాన ఏం మిగల్లేదు. ఏం బెట్టి మాట్లాడాలె?” అంది.

ఇంక నేను ఆ మాట ఎత్తలేదు. ఇద్దరి మధ్య మాటలన్నీ నా మీదుగానే నడిచేవి. “అన్నం పెట్టిన, తినుమని చెప్పు.” “ఆకలి లేదని చెప్పు.” “ఎట్ల లేదో అడుగు.” నడిమధ్య గడప ఒక్కటే అడ్డం, ఒకరి గొంతు ఒకరికి వినపడుతూనే ఉంది. అయినా నేను తలకాయ అటూ ఇటూ తిప్పి ఆ మాటలనే మళ్లీ చెప్పాలి. చెప్పకపోతే నాయిన తినడు, అమ్మ కంచం తీయదు.

ఇట్లాంటి ఇంట్లో ఉండి నేను జపాను భాష నేర్చుకుంటున్నాను. పరీక్ష తప్పుతానేమో అని క్లాసులో అందరికీ భయం. పాసవుతానేమో అని నాకు భయం. నేను వెళ్లిపోతే వీళ్లిద్దరి మధ్య మాట ఎవరు మోస్తారు? అన్నం తిన్నావా అని ఎవరు అడుగుతారు? ఇంకోవైపు పారిపోవాలనీ ఉండేది. ఆ ఇంట్లో నాకు ఊపిరాడేది కాదు, దాచుకోవడమెందుకు.

సాయంత్రాలు గడపలో కూర్చుని కథ గట్టిగా చదివేదాన్ని. నోటికి రావాలంటే గట్టిగా చదవాలని సెన్సే సార్ చెప్పాడు. వీపు వంటగది వైపు, ఒక భుజం అరుగు వైపు. ఏందా భాష, కోళ్లను అదిలించినట్టు అని అమ్మ మొదట విసుక్కుంది. తర్వాత, దాని అర్థమేందో జర చెప్పు అంది. ఒక వాక్యం వాళ్ల భాషలో, ఒక వాక్యం మన భాషలో చెప్పడం మొదలుపెట్టాను. అమ్మ రొట్టె చేస్తూ వినేది. నాయిన బీడీ పక్కన పెట్టి వినేవాడు. ఇద్దరూ ఒక్కసారే ఒక్కదాన్నే వినడం, నాయిన వచ్చాక అదే మొదలు. ఆ ఆశతోనే అయిపోయిన వాక్యాలు కూడా మళ్లీ మళ్లీ చదివాను.

వాడు తిరిగొచ్చే చోటు వచ్చింది. వెనకటికి సముద్రంలోకి పోయి రాలేదట అని ముసలాయన అన్న మాట చెప్పాను. పెనం మీద రొట్టె మాడిన వాసన వచ్చింది. అమ్మ దాన్ని తిప్పలేదు.

“వాని ఇంటోళ్లు దినాలు చేసిండ్రా, చెయ్యలేదా?” అంది.

“కథల లేదమ్మా.”

“లేకపోతే ఎట్ల? అంతకాలం రానోనికి చెయ్యకుంట ఉంటరా? అడుగు.”

“ఎవర్ని అడగాలె?”

అరుగు మీది నుంచి నాయిన గొంతు వచ్చింది. “చేసే ఉంటరు.”

నేను తల తిప్పలేదు. కదిలితే ఎక్కడ ఆగిపోతుందో అని కాగితం వైపే చూస్తూ కూర్చున్నాను.

“చేసినామెకు ఎంత గోసయిందో రాసిండ్రా అండ్ల?” అంది అమ్మ. అది నన్ను అడిగింది కాదు.

నాయిన మెల్లగా అన్నాడు, “వాడు ఒడ్డుకు రాకుంటనే అయిపోవు. వచ్చినంకనన్న, మల్ల ఆ నీళ్లలకే పోవాల్సుండె.”

అమ్మ మాడిన రొట్టె తీసి పక్కన పడేసి ఇంకొకటి తట్టడం మొదలుపెట్టింది. కథ చివర నేను చెప్పనే లేదు. వాడు దిక్కు తోచక పెట్టె తెరిస్తే తెల్లటి పొగ వచ్చి, ఉన్నచోటే పండు ముసలివాడైపోతాడని. మా ఇంట్లో దాకా వచ్చాక ఆ చివరికి పెద్ద అర్థం లేదనిపించింది. మా వాడు పొగ ముందే తగిలి వచ్చాడు.

పరీక్ష రాశాక ఇంటర్వ్యూ కోసం సెన్సే సార్ మమ్మల్ని ఒక్కొక్కరినే కూర్చోబెట్టి, కథ మీ మాటల్లో చెప్పండి, దాంట్లో ఏం నేర్చుకున్నారో చెప్పండి అన్నాడు. గద్వాల పిల్ల, పెద్దలు వద్దన్న పని చేయొద్దని నేర్చుకున్నాను అని చక్కగా చెప్పింది. అక్కడివాళ్లకు అట్లాంటి జవాబులే కావాలి. నా వంతు వచ్చింది. చెప్పుకుంటూ పోయాను. ఊరివాళ్లు వాడి అంగీ తొడిగిన బొమ్మను పూడ్చారు అన్నాను. వాడు వచ్చినప్పుడు తలకు పోయలేదు, పేరు పెట్టలేదు, అందుకే వాడికి ఊళ్లో చోటు దొరకలేదు అన్నాను. జపాను భాషలో అంత గడగడా మాట్లాడటం అదే నాకు మొదటిసారి.

ఆయన చేయెత్తి ఆపాడు. “ఇదంత కథల ఏడుంది అమ్మా?”

“లేదు సార్. ఉండాల్సుండె” అన్నాను. అత్త మీద కోపం దుత్త మీద చూపించానని బయటికి వచ్చాక అనిపించింది. మర్నాడు ఆయన, “ఇంటర్వ్యూల గట్ల చెప్పకు. పెట్టె తెరవొద్దని చెప్పు, చాలు” అన్నాడు. అట్లాగే చెప్పాను. ఎంపికయ్యాను.

పోయే రోజు నాయిన నా సంచీ మోసుకుని బస్సు దాకా వచ్చాడు. అమ్మ వాకిట్లోనే ఆగిపోయింది. మీ ఇద్దరు ఇంక మాట్లాడుకోండి, నన్ను చంపకండి అని ఇద్దరికీ వినపడేటట్టు చెప్పాను.

“నీకు ఫోనుంది గద” అంది అమ్మ.

తమాషాకు అందనుకున్నాను. కాదని జపానుకు వచ్చిన వారంలోనే తెలిసింది. ఇక్కడ నా పని, సెన్సే సార్ చేసిన పనే. ముసలివాళ్లకు స్నానం చేయించడం, తినిపించడం, పక్క మార్చడం. సాయంత్రం టీ ఇచ్చే వేళకు జేబులో ఫోను అదిరేది. అక్కడ మధ్యాహ్నం.

“అన్నం పెట్టిన. తినుమని నాయినకు చెప్పు.”

నేను పెట్టేసి నాయినకు చేసేదాన్ని. నాయినా, అన్నం పెట్టిందట. “ఆ, వస్తున్న” అనేవాడు. ఆయన ఫోనులో వెనకాల అమ్మ కంచం పెట్టిన చప్పుడు నాకు వినపడేది. వంటగదిలోంచి అరుగు మీదికి పోవాల్సిన మాట జపాను దాకా వచ్చి తిరిగి పోయేది. మొదట్లో గట్టిగా తిట్టాను. తర్వాత తోటివాళ్లకు చెప్పుకుని నవ్వాను. ఆ తర్వాత అలవాటైపోయింది. ఆ ఫోను రాకపోతే టీ తాగబుద్ధి అయ్యేది కాదు.

నేను చూసుకునే వాళ్లలో ఒక ముసలమ్మ ఉంది. తలుపు చప్పుడైతే చాలు, ‘వచ్చినవా’ అని అర్థం వచ్చే వాళ్ల మాట అంటుంది. డాక్టరు వచ్చినా, బట్టలు ఉతికేవాళ్లు వచ్చినా, అదే మాట, అదే సంతోషం. ఆమె భర్త పోయి చాలా ఏళ్లయిందట. పక్కవాళ్లు జాలిపడతారు. నాకు ఆమెను చూస్తే అసూయగా ఉంటుంది, అంత సులువుగా ఆ మాట అనగలుగుతున్నందుకు.

వానలు వెనకబడి, ఊళ్లో గుంపులు కట్టే రోజులు వచ్చాయి. ఒకనాడు అమ్మ ఫోను రాలేదు. టీ గిన్నెలు కడిగేదాకా చూసి నేనే నాయిన ఫోనుకు చేశాను. చాలాసేపు మోగింది. ఎత్తింది అమ్మ.

“నాయిన ఏడి?”

“పొయ్యిండు.”

“ఏడికి?”

“తెల్వదు. ఫోను గూట్లనే పెట్టి పొయ్యిండు. ఏ గుంపుల పోలేదంట, మీ పెద్దనాయిన అడిగొచ్చిండు.”

నాకు ఒళ్లు మండిపోయింది. మళ్లీ చెప్పకుండా పోయాడా అన్నాను.

“చెప్పిండు” అంది అమ్మ. “వంటింటి గడపల నిలబడి, నాకే చెప్పిండు, పోయొస్త అని. నేను బియ్యం కడుగుతున్న. ఎనకకు తిరగలే. పోయిరా అనలే.”

ఆ తర్వాత అమ్మ ఏడ్చింది. మిగల్లేదన్నది ఎక్కడో మిగిలే ఉన్నట్టుంది. ఇంత దూరాన కూర్చుని ఆ ఏడుపు వినడం తప్ప నేను చేయగలిగింది లేదు. లోపల ఆ ముసలమ్మ బెల్లు కొడుతోంది. ఫోను చెవికి పెట్టుకునే వెళ్లి ఆమె దుప్పటి సర్ది వచ్చాను.

పోలీసులకు చెప్పారు, బస్టాండ్లలో అడిగారు. గద్వాలలో చూశామని ఒకరు, నాగర్‌కర్నూల్లో చూశామని ఒకరు అన్నారు. అక్కడికి పోయి చూస్తే ఎవరూ లేరు. నెలలు గడిచాయి. పెద్దనాయిన ఇంట్లో ఈసారి కొడుకు పెండ్లి మాట నడుస్తోంది. ఒకరోజు ఆయనే నాకు ఫోను చేసి, మీ నాయిన సంగతి ఏదో ఒకటి తేల్చుకోవాలె బిడ్డా, మీ అమ్మకు జర నువ్వు చెప్పు అన్నాడు. చెప్పను అన్నాను. ఆయన స్వయంగా వెళ్లి అడిగాడట.

ఆ సాయంత్రం అమ్మ వీడియో ఫోను చేసింది. ఎప్పుడూ ఫోను చెవి దగ్గర పెట్టుకుంటుంది, నాకు ఆమె కమ్మ మాత్రమే కనపడుతుంది. ఆ రోజు దూరంగా పట్టుకుంది. మెడలో పసుపు తాడు కనపడింది. దానికి పుస్తెలున్నాయి. బియ్యం డబ్బాలోంచి తీసి తనే కట్టుకుంది. మొగుడు ఉన్నన్నాళ్లు బోడి మెడతో తిరిగి, పోయినంక కట్టుకుందని ఊళ్లో ఆడవాళ్లు బుగ్గలు నొక్కుకుంటున్నారట.

“ఈసారి ఎవ్వరన్న గడ్డిబొమ్మ చేస్తే, దాంతోపాటు నన్ను గూడ పూడ్చుమని చెప్పిన మీ పెద్దనాయినతోని” అంది. గొంతులో తడి లేదు.

ఆమె వెనకాల గడప, గడప అవతల ఖాళీ అరుగు కనపడుతున్నాయి. అరుగు మీద కంచం, కంచం మీద మూత ఉంది.

మర్నాడు టీ వేళకు జేబులో ఫోను అదిరింది. అక్కడ మధ్యాహ్నం.

“అన్నం పెట్టిన. తినుమని నాయినకు చెప్పు.”

చెప్త అమ్మా అన్నాను.